ఆక్స్‌ఫర్డ్‌లో ఒక్క టర్మ్... లాభమెంత? లెక్కెంత?

‘‘ట్యుటోరియలా? ఫెయిలైన పిల్లలు కదమ్మా ట్యుటోరియల్‌కి వెళ్లేది!’’

ఆక్స్‌ఫర్డ్‌లో అసలు చదువంతా ట్యుటోరియల్స్‌లోనే జరుగుతుందని చెప్పగానే మా నాన్న అన్న మొదటి మాట ఇది. ఆయన తప్పేం లేదు. హైస్కూల్ మాస్టారు. ఉద్యోగం రాకముందు రాజమండ్రిలో ఓ ట్యుటోరియల్ కాలేజీలో టెన్త్ తప్పినవాళ్లకు లెక్కలు చెప్పేవారు. మన దగ్గర ఆ మాటకు అర్థం అదే. రెండు నెలల తర్వాత ఆయనకు ఫోన్ చేసి, ‘‘నువ్వన్నదే నిజం నాన్నా. ఇక్కడ నేను వారానికోసారి ఫెయిలవుతున్నా’’ అని చెప్పాను.

బీటెక్ మూడో ఏడాదిలో, జనవరి నుంచి మార్చి దాకా, ఆక్స్‌ఫర్డ్‌లోని ఓ కాలేజీలో విజిటింగ్ స్టూడెంట్‌గా చదివాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ టెక్నాలజీ మీద బ్లాగు రాస్తున్నాను. ‘అక్కా, ఒక సెమిస్టర్ ఫారిన్‌లో చదివితే రెజ్యుమెకి బలమేనా?’ అని అడిగే జూనియర్లు చాలామంది. వాళ్లకు విడివిడిగా చెప్పే సమాధానమే ఇక్కడ ఒకేచోట చెబుతున్నా. మంచీ ఉంది, నేను తిన్న దెబ్బా ఉంది.

సెమిస్టర్ కాదు.. ఎనిమిది వారాలు

ముందుగా ఒక మాట. ఆక్స్‌ఫర్డ్‌లో సెమిస్టర్లుండవు. ఏడాదికి మూడు టర్మ్‌లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మైకెల్మస్, జనవరి నుంచి మార్చి దాకా హిలరీ, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ట్రినిటీ. ఒక్కోటి ఎనిమిది వారాలే. కేంబ్రిడ్జ్‌దీ దాదాపు ఇదే పద్ధతి. అక్కడ టర్మ్‌ల పేర్లు మైకెల్మస్, లెంట్, ఈస్టర్. ట్యుటోరియల్‌ని సూపర్‌విజన్ అంటారు.

ఎనిమిది వారాలే కదా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. మన సెమిస్టర్‌లో మొదటి నెల పరిచయాలకు, చివరి నెల ప్రిపరేషన్‌కి పోతుంది. అక్కడ మొదటి వారమే రీడింగ్ లిస్ట్ చేతిలో పెడతారు. ఐదో వారానికి అందరూ డీలా పడిపోతారు. ఎంతగా అంటే దానికి ‘ఫిఫ్త్ వీక్ బ్లూస్’ అని ఒక పేరే ఉంది. జనవరిలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయే ఊళ్లో ఆ దిగులు ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

విజిటింగ్ స్టూడెంట్‌కి సాధారణంగా టర్మ్‌లో రెండు సబ్జెక్టులు ఉంటాయి. ఒకటి ప్రధానం. వారానికో ట్యుటోరియల్ చొప్పున ఎనిమిది. రెండోది రెండు వారాలకోటి చొప్పున నాలుగు. మొత్తం పన్నెండు గంటలు. లెక్చర్లు ఉంటాయి, వెళ్లొచ్చు. కానీ అసలు పరీక్ష ఆ గంటలోనే. ఒక ట్యూటర్, ఎదురుగా ఒకరో ఇద్దరో ముగ్గురో విద్యార్థులు. వెనక బెంచీ అనేదే ఉండదు.

‘పుస్తకంలో ఉంది’ అంటే కుదరదు

నా ప్రధాన సబ్జెక్టు అల్గారిథమ్స్. మన దగ్గర మంచి మార్కులొచ్చిన పేపరే కాబట్టి ధైర్యంగా వెళ్లాను. రెండో వారం డైక్‌స్ట్రా అల్గారిథమ్ మీద ప్రాబ్లం షీట్. రెండు చోట్ల మధ్య అతి తక్కువ దూరం కనిపెట్టే పద్ధతి అది. అన్నీ చేసుకెళ్లాను. ట్యూటర్ కాగితాలు పక్కన పెట్టి అడిగారు.

‘‘దారి బరువుల్లో ఒకటి మైనస్ అయితే?’’

‘‘ఇది పనిచేయదు.’’

‘‘ఎందుకు?’’

‘‘పుస్తకంలో ఉందండీ.’’

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. మార్కర్ ఇచ్చి బోర్డు చూపించారు. ‘‘ఇది తప్పు సమాధానం ఇచ్చే అతి చిన్న బొమ్మ గీయి.’’

ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. చివరికి మూడు చుక్కలతో తేలింది. ఏ నుంచి బీకి 2. ఏ నుంచి సీకి 3. సీ నుంచి బీకి మైనస్ 2. అల్గారిథమ్ ముందు దగ్గరగా కనిపించిన బీని 2 అని ఖాయం చేసేస్తుంది. సీ మీదుగా వెళ్తే 1తోనే చేరొచ్చని తర్వాత తెలిసినా వెనక్కి తిరిగి చూడదు. ఒకసారి ఖాయం చేశాక ఇంకా తక్కువ దారి దొరకదన్న నమ్మకం మీదే అది నడుస్తుంది. మైనస్ ఆ నమ్మకాన్ని చెడగొడుతుంది.

రెండేళ్ల ముందే ఈ పేపర్లో డిస్టింక్షన్ తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఆ రోజే.

కాటన్ దొర దగ్గర దొరికిపోయాను

రెండో సబ్జెక్టు టెక్నాలజీ చరిత్ర. ప్రతి ట్యుటోరియల్‌కీ రెండు వేల పదాల వ్యాసం రాసుకెళ్లాలి. ఇంజినీరింగ్‌లో రికార్డులు, అసైన్‌మెంట్లు తప్ప వ్యాసమన్నది రాసి ఎరుగం. ఇంటర్ తర్వాత అదే మొదటిసారి.

ఒక వ్యాసానికి మా గోదావరినే తీసుకున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట, 1847 నుంచి 1852 వరకు కట్టింది. దాన్ని కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ విగ్రహం మా వైపు ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తుంది. రైళ్ల కంటే కాలువలే ఈ దేశానికి మేలని ఆయన గట్టిగా వాదించాడు కూడా. నేను పొంగిపోయి రాశాను. ట్యూటర్ ఆవిడ మొత్తం విని మూడు ప్రశ్నలు వేశారు. ఆ మట్టి మోసింది ఎవరు? కాలువ వచ్చాక ప్రభుత్వానికి రాబడి ఎంత పెరిగింది, ఆ భారం ఎవరి మీద పడింది? కాలువ అందని మెట్ట ఊళ్లు ఏమయ్యాయి?

‘‘మా ఊళ్లో అందరూ ఆయన్ని దేవుడంటారు’’ అన్నాను.

‘‘అది కూడా ఆధారమే. కానీ దేనికి ఆధారం?’’

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మర్నాడు బోడ్లియన్ లైబ్రరీకి వెళ్లి కాటన్ రాసినవీ, ఆయనతో విభేదించినవాళ్లు రాసినవీ తెప్పించుకున్నాను. 1602లో తెరిచిన ఆ లైబ్రరీలో పుస్తకాలు బయటికి ఇవ్వరు. 1645లో సాక్షాత్తూ రాజు ఒకటవ చార్లెస్ అడిగినా ఇవ్వలేదట. అక్కడే కూర్చుని చదవాల్సిందే. గోదావరి ఒడ్డున పుట్టిన నేను ఆనకట్ట కథ రెండో వైపు నుంచి చదవడానికి ఇంగ్లండ్ దాకా వెళ్లాల్సొచ్చింది. కాటన్ మీద గౌరవం తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు ఎందుకు గౌరవిస్తున్నానో చెప్పగలను.

ఎవరికి చాన్స్? ఎలా దరఖాస్తు చేయాలి?

ఆక్స్‌ఫర్డ్‌లో 30కి పైగా కాలేజీలున్నాయి. విజిటింగ్ స్టూడెంట్స్‌ని తీసుకునేది యూనివర్సిటీ ఆఫీసు కాదు, ఆ కాలేజీలే. సెయింట్ కేథరిన్స్, హెర్ట్‌ఫర్డ్, మాన్స్‌ఫీల్డ్, పెంబ్రోక్, సెయింట్ ఎడ్మండ్ హాల్ లాంటివి తీసుకుంటాయి. కొన్ని ఏడాది మొత్తానికే చేర్చుకుంటాయి, కొన్ని ఒకటి రెండు టర్మ్‌లకూ ఒప్పుకుంటాయి. ప్రతి కాలేజీలో ప్రతి సబ్జెక్టూ దొరకదు. కాబట్టి వెబ్‌సైట్‌లో మొదట చూడాల్సింది ఫొటోలు కాదు, సబ్జెక్టుల జాబితా.

మామూలుగా అడిగేవి ఇవి: ఇప్పటిదాకా వచ్చిన మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్, ఇద్దరు అధ్యాపకుల సిఫార్సు లేఖలు, ఏ సబ్జెక్టు ఎందుకు చదవాలనుకుంటున్నారో వివరించే లేఖ, వ్యాసాలుండే సబ్జెక్టులకు మీరు రాసిన నమూనా. జీపీఏ అమెరికా లెక్కలో 4కి 3.7 వరకు ఉండాలంటాయి చాలా కాలేజీలు. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7.5, ఒక్కో విభాగంలో 7 అడిగేవే ఎక్కువ.

సిఫార్సు లేఖల దగ్గర మనవాళ్లు బోల్తా పడతారు. ‘స్టూడెంటే డ్రాఫ్ట్ రాసుకొస్తే సార్ సంతకం పెడతారు’ అన్న పద్ధతి అక్కడ పనికిరాదు. క్లాసులో మీరు అడిగిన ఒక ప్రశ్న గురించో, చేసిన ఒక ప్రాజెక్టు గురించో రాయగల మాస్టారిని ఏడాది ముందే వెతుక్కోండి.

ఇంకో జాగ్రత్త. వేసవిలో చాలా ప్రైవేటు సంస్థలు అక్కడి కాలేజీ గదులు అద్దెకు తీసుకుని ‘ఆక్స్‌ఫర్డ్ ప్రోగ్రాం’ పేరుతో కోర్సులు నడుపుతాయి. ఆ సర్టిఫికెట్ ఇచ్చేది యూనివర్సిటీ కాదు. డబ్బు కట్టే ముందు ట్రాన్స్‌క్రిప్ట్ ఎవరి పేరు మీద వస్తుందో అడగండి. నేరుగా కాలేజీలో చేరినా మీకు ఆక్స్‌ఫర్డ్ డిగ్రీ రాదు. వచ్చేది ఆ టర్మ్‌కి ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రమే. రెజ్యుమెలో ‘విజిటింగ్ స్టూడెంట్’ అనే రాయాలి. ‘ఆక్స్‌ఫర్డ్ గ్రాడ్యుయేట్’ అని రాస్తే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతారు.

వీసాలో ఏది కుదరదు?

ఆరు నెలల లోపు చదువుకి ఇప్పుడు స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది. గుర్తింపు పొందిన విద్యాసంస్థ ఇచ్చిన అడ్మిషన్ లేఖ ఉండాలి. ఈ వీసా మీద పార్ట్‌టైం పని అస్సలు కుదరదు. ‘వెళ్లాక ఏదో ఒకటి చేసుకుని ఖర్చు వెళ్లదీస్తా’ అన్న లెక్క వేసుకోకండి. అక్కడే ఉండి దాన్ని స్టూడెంట్ వీసాగా మార్చుకోవడమూ కుదరదు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ రూట్‌కి కూడా ఇది లెక్కలోకి రాదు.

ఏడాది చదవాలంటే స్టూడెంట్ వీసా తీసుకోవాలి. బ్యాంకులో చూపించాల్సిన డబ్బు వరుసగా 28 రోజులు నిల్వ ఉండాలి. టీబీ పరీక్ష చేయించుకోవాలి. ఆరోగ్య సర్‌చార్జి 2024 నుంచి విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు.

డబ్బు సంగతి

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి ఎక్స్‌ఛేంజ్. మీ యూనివర్సిటీకీ అక్కడి యూనివర్సిటీకీ ఒప్పందం ఉంటే మీ ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. గది, తిండి, టికెట్ మీవి. రెండోది విజిటింగ్. మొత్తం ఫీజు మీరే కట్టాలి. ఆక్స్‌ఫర్డ్ కాలేజీలతో ఎక్కువగా కుదిరేది ఈ రెండోదే. ఫీజు, వసతి కలిపి ఒక్క టర్మ్‌కి పది వేల పౌండ్లు దాటే కాలేజీలున్నాయి. అంటే పది లక్షల రూపాయల పైమాటే. అదే ఇంగ్లండ్‌లో ఎక్స్‌ఛేంజ్ ఒప్పందాలున్న ఇతర యూనివర్సిటీలకు వెళ్తే ఇందులో సగానికి పైగా మిగలొచ్చు.

మన ప్రభుత్వాల విదేశీ విద్య పథకాల మీద ఆశ పెట్టుకోకండి. ఉదాహరణకు తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి పీజీ, పీహెచ్‌డీ లాంటి పూర్తి కోర్సులకు ఉద్దేశించింది, ఒక టర్మ్‌కి కాదు. నా విషయంలో సగం మా యూనివర్సిటీ స్కాలర్‌షిప్ భరించింది. మిగతా సగానికి నాన్న జీపీఎఫ్ నుంచి లోన్ తీశారు. చెల్లి ఇంటర్ ఫీజుకి అట్టిపెట్టుకున్న డబ్బు అది. ఆ సంగతి నాకు తిరిగొచ్చాక అమ్మ చెప్పింది.

అసలు దెబ్బ తగిలింది తిరిగొచ్చాకే

వెళ్లే ముందు మా డిపార్ట్‌మెంట్లో ‘క్రెడిట్స్ అడ్జస్ట్ చేసేస్తాంలే’ అన్నారు. నోటిమాటే. నేనూ కాగితం అడగలేదు.

ఏప్రిల్‌లో ట్రాన్స్‌క్రిప్ట్ పట్టుకుని ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లాను. అందులో రెండు సబ్జెక్టులు, రెండు లెటర్ గ్రేడ్లు, ట్యూటర్ల వ్యాఖ్యలు. ఆ కౌంటర్‌లో వేసిన మొదటి ప్రశ్న: ‘‘ఇంటర్నల్ ఎంత, ఎక్స్‌టర్నల్ ఎంత?’’ అక్కడ అలా ఉండదండీ అన్నాను. రెండో ప్రశ్న: ‘‘ఎన్ని గంటల క్లాసు?’’ ఎనిమిది. ‘‘వారానికా?’’ కాదు, మొత్తం టర్మ్‌కి.

ఆ క్లర్క్‌ని తప్పుపట్టలేను. మన లెక్కలో సెమిస్టరంతా వారానికో గంట క్లాసు జరిగితే ఒక క్రెడిట్. ఆ తూకంలో తూస్తే ఎనిమిది గంటలకు ఒక్క క్రెడిట్ కూడా రాదు. ఆ ఎనిమిది గంటల వెనక నేను చదివిన వందల గంటలు ఏ కాలమ్‌లోనూ పట్టవు. చాలా అమెరికా యూనివర్సిటీలు ఇదే టర్మ్‌ని పూర్తి సెమిస్టర్‌గా లెక్కిస్తాయి. మా దగ్గర కొన్ని సబ్జెక్టులకు ఒప్పుకుని, రెండింటికి కుదరదన్నారు. ఆ రెండూ నా పేరు పక్కన బ్యాక్‌లాగ్స్‌గా నిలిచాయి.

ఆగస్టులో క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ మొదలయ్యాయి. మొదటి కంపెనీ నోటీసులో చివరి లైను: ‘నో యాక్టివ్ బ్యాక్‌లాగ్స్’. రెండో దానిలోనూ అదే. నాకంటే తక్కువ జీపీఏ ఉన్న ఫ్రెండ్స్ ఫార్మల్స్ వేసుకుని సెమినార్ హాల్లోకి వెళ్తుంటే నేను హాస్టల్లో కూర్చుని, ఆ రెండు పేపర్ల ఆల్ ఇన్ వన్ తిరగేశాను. ‘ఆక్స్‌ఫర్డ్ వెళ్లొచ్చింది, సప్లీ రాస్తోంది’ అన్న జోక్ ఆ ఏడాది బాగా పేలింది.

పేపర్లు పాసయ్యాను. కానీ పెద్ద కంపెనీలు వెళ్లిపోయాయి. ఆఫ్ క్యాంపస్‌లో తిరిగి తిరిగి, మా బ్యాచ్‌వాళ్లు చేరిన నాలుగు నెలలకు ఒక చిన్న కంపెనీలో చేరాను. జీతం వాళ్లకన్నా తక్కువే.

ఈ పొరపాటు మీరు చేయకండి

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం, ట్వినింగ్ ఒప్పందం ఉన్న కోర్సులో 30 శాతం మించకుండా క్రెడిట్లను విదేశీ సంస్థలో చదవొచ్చు. కానీ అది రెండు సంస్థల మధ్య ఒప్పందం ఉంటేనే. మీ అంతట మీరు వెళ్లొస్తే ఆ నిబంధన ఆదుకోదు. అందుకే టికెట్ కొనకముందే ఇవి చేతిలో ఉండాలి:

1. అక్కడి ఏ సబ్జెక్టు ఇక్కడి ఏ సబ్జెక్టుకి సమానమో రాసి, విభాగాధిపతితో పాటు ఎగ్జామ్ బ్రాంచ్ సంతకం కూడా ఉన్న కాగితం. ఒక్క సంతకం చాలదు.

2. లెటర్ గ్రేడ్‌ని మన మార్కుల్లోకి ఎలా మారుస్తారో అదే కాగితంలో ఒక లైను.

3. ట్యుటోరియల్ గంటలే కాక చదువుకున్న గంటలు కూడా లెక్కలోకి తీసుకోవాలని కోరుతూ అక్కడి కాలేజీ ఇచ్చే కోర్సు వివరణ.

4. ఆ సెమిస్టర్‌కి హాజరు మినహాయింపు ఉత్తర్వు. లేకపోతే 75 శాతం దగ్గర ఆగిపోతారు.

5. ప్లేస్‌మెంట్ క్యాలెండర్. మైకెల్మస్‌కి వెళ్లాలంటే మూడో ఏడాదిలోనే వెళ్లండి. నాలుగో ఏడాది అక్టోబరులో వెళ్తే ప్లేస్‌మెంట్ సీజన్ మధ్యలో వదిలేసినట్టే.

మరి ఉద్యోగానికి పనికొచ్చిందా?

నిజం చెప్పాలంటే, ఆ పేరు చూసి నాకెవరూ ఉద్యోగం ఇవ్వలేదు. ‘ఓ, ఆక్స్‌ఫర్డా!’ అని ఒకరిద్దరు ఆగారంతే. పనికొచ్చింది వేరే. మొదటి ఇంటర్వ్యూలో ఒక ప్రశ్నకు సమాధానం తెలియలేదు. పాత నేనైతే గుర్తున్నదేదో అప్పచెప్పేదాన్ని. ఆ రోజు ‘‘తెలియదు. చిన్న ఉదాహరణ వేసి చూస్తా, రెండు నిమిషాలివ్వండి’’ అని పెన్ను తీశాను. తప్పు దారిలో మొదలుపెట్టి, మధ్యలో నేనే పట్టుకుని సరిచేసుకున్నాను. ఆ రౌండ్ పాసయ్యాను. రెండేళ్లకు ఇంకో కంపెనీకి మారినప్పుడూ ఇదే ఆదుకుంది. అక్కడ రాసిన ఆ వ్యాసాల అలవాటే తర్వాత బ్లాగయింది.

దీనికి పది లక్షలు పెట్టాలా? పెట్టక్కర్లేదు. స్కాలర్‌షిప్పో, ఎక్స్‌ఛేంజో ఉండి, కాగితాలు పక్కాగా ఉంటే వెళ్లండి. అప్పు చేసి మాత్రం వద్దు. అప్పు చేయక తప్పదంటే ఆ డబ్బు మాస్టర్స్‌కి దాచుకోండి. అప్పుడు డిగ్రీ అయినా చేతికొస్తుంది.

వెళ్లలేనివాళ్లు ట్యుటోరియల్‌ని హాస్టల్ గదిలోనే పెట్టుకోవచ్చు. ఒక ఫ్రెండ్‌ని పట్టుకోండి. వారానికొక టాపిక్. ఒకరు రెండు పేజీలు సొంతంగా రాసుకురావాలి, రెండోవాళ్లు ‘ఎందుకు?’ అని మూడుసార్లు అడగాలి. ‘సార్ చెప్పారు’, ‘పుస్తకంలో ఉంది’ అన్న జవాబులు చెల్లవు. వచ్చే వారం పాత్రలు మారాలి. ఎనిమిది వారాలు ఆపకుండా చేసి చూడండి. ఐదో వారంలో మానేయాలనిపిస్తుంది. అది మామూలే, మానకండి.

మా చెల్లి ఇప్పుడు బీటెక్ రెండో ఏడాది. మొన్న ఒక ఎక్స్‌ఛేంజ్ నోటిఫికేషన్ పట్టుకుని ఇంటికొచ్చింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, దాన్ని నా వైపు తిప్పి ఒకటే అడిగారు: ‘‘ఎగ్జామ్ బ్రాంచ్ సంతకం ఎక్కడ పెట్టించాలి?’’